మా చింతమొద్దు

మొన్న ఒంగోలు వెళ్తూ దార్లో ఒక హోటల్ దగ్గర ఆగాం. కట్టెలపొయ్యి భోజనం అని పెద్ద బోర్డు, మామూలు భోజనం కంటే అరవై రూపాయలు ఎక్కువ. నిజంగా కట్టెల మీదే వండుతున్నాం అని జనానికి చూపించడానికి కాబోలు, బయట గోడ పక్కన ఒక ట్రాక్టరు సరుగుడు కట్టెలు వేసున్నాయి. పేర్చలేదు, పడేశారు. పొద్దున వాన పడ్డ నేల మీద, కింద ఒక్క రాయి కూడా లేకుండా. నేను తింటున్నానన్న మాటేగానీ కళ్ళన్నీ అటే. మావారు నవ్వి "పోనీ వెళ్ళి పేర్చిరా" అన్నారు. ఆయన వెటకారానికే అన్నారుగానీ నాకు నిజంగానే చేతులు లాగాయి. యాభై ఆరేళ్ళొచ్చినా ఎక్కడైనా కట్టెలు కుప్పగా పోసి కనిపిస్తే మా నాయనమ్మ వెనకాల నిలబడి "ఏమే, అవి కట్టెలా, పెంటకుప్పా" అంటున్నట్టే ఉంటుంది నాకు.

మా ఊరు బాపట్లకీ చీరాలకీ మధ్య, సముద్రానికి దగ్గర్లోనే. ఇసక నేలలు, ఎటు చూసినా సరుగుడు తోటలు. నాటిన నాలుగైదేళ్ళకి కోతకొచ్చేస్తాయి. అసలు ఈ చెట్టు మా వైపుది కాదంట, మద్రాసు వైపు రైలింజన్లకి కట్టెలు చాలక 1860ల్లో తోటలుగా వెయ్యడం మొదలెట్టారని పెద్దయ్యాక ఎక్కడో చదివాను. ఇంజన్లు బొగ్గుకి పోయాయి, డీజిల్‌కి పోయాయి, కరెంటుకి కూడా పోయాయి, చెట్టు మాత్రం మా పొయ్యిల్లో మిగిలిపోయింది. సరుగుడు మంచి కట్టె. నిటారుగా ఉంటుంది, ఒక్క దెబ్బకి నిలువునా విచ్చుకుంటుంది, కాస్త పచ్చిగా ఉన్నా మండుతుంది. కింద రాలిన సన్నటి సూదుల్లాంటి ఆకు ఊడ్చి గోతాల్లో తెచ్చుకునేవాళ్ళు రాజేసుకోడానికి.

అయితే మా ఇంట్లో సరుగుడు ఒక్కటే ఉండేది కాదు. తొమ్మిదిమంది మనుషులం, పైన వచ్చేపోయేవాళ్ళు. చెరువుకట్ట మీద నల్లతుమ్మ పంచాయతీ వాళ్ళు వేలం పాడితే పాడినవాళ్ళ దగ్గర ఓ బండి కొనేవాళ్ళు, చేలో కంది కోసేశాక కందికంప, కొబ్బరి మట్టలు, డిప్పలు, పిడకలు. దేని పని దానిదే. కందికంప రాజెయ్యడానికి. సరుగుడు అన్నానికి, కూరకి. తుమ్మ నీళ్ళపొయ్యికి, ఎందుకంటే దాని నిప్పు ఆరదు, తెల్లారుజామున పెట్టిన కాగు తొమ్మిదింటికి కూడా సలసలమంటూనే ఉండేది. పిడకలు దాలికి, అందులో పాలు సాయంత్రం దాకా కాగి ఎర్రగా మీగడ కట్టేవి. మునగ కొమ్మలు తెస్తే మాత్రం నాయనమ్మ ఊరుకునేది కాదు, "దాని మంట దాని పొగకే సరిపోద్ది" అనేది. రావి, మర్రి పొయ్యిలో పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదంటే సమాధానం "పెట్టకూడదు" అంతే.

కొనడం అంటే అదో యుద్ధం. అడితిలో పెద్ద కాటా ఉండేది, దాని మీద కట్టెలు పెట్టి తూచేవాడు. నాయనమ్మకి క్వింటాళ్ళ లెక్క ఒంటబట్టలేదు, ఇరవై మణుగులు ఒక బారువా, ఆ లెక్కే. అడితి మనిషి క్వింటాళ్ళు చెప్తే ఈవిడ బారువాల్లో బేరం చేసేది, మధ్యలో నాన్న నోట్లోనే లెక్కలు కట్టుకుంటూ చెమటలు. అక్కడ కట్టెల మీద నీళ్ళు చల్లి తూస్తారని ఈవిడ అనుమానం, అనుమానమేమిటి నిజమే, ఒక కట్టె తీసుకుని ఇంకో కట్టెతో కొట్టి చూసేది. ఎండిన కట్టె ఖంగుమంటుంది, తడి కట్టె దబ్‌మంటుంది. ఇది మాత్రం మీరు ఎక్కడ కట్టెలు కొన్నా పనికొచ్చే సంగతి.

కొట్టించడం ఎండాకాలంలో. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా, రోళ్ళ సంగతేమోగానీ మొద్దులు మాత్రం వాటంతట అవే బీటలిచ్చేవి, ఆ బీటలోనే గొడ్డలి దించాలి. మృగశిర లోపల కొట్టడం, పేర్చడం అన్నీ అయిపోవాలి. కొట్టడానికి ఒక తాత వచ్చేవాడు, భుజాన గొడ్డలి, నెత్తికి తువ్వాలు. మేమంతా ఆయన్ని కట్టెల తాత అనేవాళ్ళం, పేరు ఉండే ఉంటుంది, మాకెవరికీ తెలీదు. గుత్తకి మాట్లాడుకునేవాడు, ఇంత కుప్పకి ఇంత అని. పని మొదలెట్టేముందు గొడ్డలిని రాత్రంతా మా కుడితితొట్లో నానబెట్టించేవాడు, కామ ఉబ్బి గొడ్డలి బిగుసుకోవాలని. పొద్దున్నే ఆకురాయితో రెండు పక్కలా గీకి, బొటనవేలు అడ్డంగా ఆనించి చూసుకుని అప్పుడు మొదలు. ఆయన కొడుతుంటే ఊపిరి "హే" అని వచ్చేది ప్రతి దెబ్బకీ, మేం గోడెక్కి కూర్చుని మేము కూడా హే అనేవాళ్ళం, ఆయన ఆగి చూస్తే దూకి పారిపోయేవాళ్ళం. ఆయనకి మంచినీళ్ళిచ్చే గ్లాసు వేరే, పెరటి చూరులో దోపి ఉండేది. అప్పుడు అది నాకు వింతగా కూడా అనిపించలేదు. ఇప్పుడు ఆయన గురించి ఎవరికైనా చెప్తుంటే ముందు ఆ గ్లాసే గుర్తొచ్చి మాట తడబడుద్ది.

ఇక చింతచెట్టు సంగతి. మా దొడ్డి చివర ఉండేది, మా తాతయ్య వాళ్ళ నాన్న నాటాట్ట. 1977లో నవంబరు 19, శనివారం, దీపావళి వెళ్ళి వారం, ఆ గాలివాన గురించి మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. దివిసీమ వాళ్ళు పడ్డదాని ముందు మాది కష్టమే కాదు, అక్కడ సముద్రమే మీదకొచ్చి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, మాకు ఉప్పెన రాలేదు, గాలే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. రాత్రంతా పెంకులు లేచిపోతుంటే మమ్మల్ని మంచాల కింద పడుకోబెట్టారు. పొద్దున్న తలుపు తీస్తే దొడ్డి ఏదోలా ఉంది, ఎందుకో అర్థం కాలేదు, ఆకాశం ఎక్కువ కనిపిస్తోంది. చెట్టు వేళ్ళతో సహా పడుకునుంది. కింద గొడ్లపాక నుగ్గునుగ్గు, గేదెలు మాత్రం అదృష్టం కొద్దీ ముందే కట్లు తెంపుకుని బయటపడ్డాయి.

ఆ రోజు ఊళ్ళో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. కట్టెలన్నీ నానిపోయాయి, అగ్గిపెట్టెలు మెత్తబడ్డాయి. మా నాయనమ్మకి ఒక అలవాటు ఉండేది, వానాకాలం రాకముందే వంటింట్లో పొయ్యి పైన అటక మీద ఒక వంద పేళ్ళు ఎక్కించేది, అవి కింది పొగకీ వేడికీ నల్లగా ఎండి ఇనప కడ్డీల్లా అయ్యేవి. "పొగచూరిన కట్టెకి చెదపట్టదు" అనేది. రోజువారీ వాడకానికి వాటిని ముట్టనిచ్చేది కాదు, అమ్మ ఎప్పుడైనా తీస్తే గొడవ. ఆ పొద్దున నిచ్చెన వేయించి అవన్నీ దించింది. వంటింట్లో పైకప్పు సగం లేదు, పొయ్యి మీద గొడుగు పట్టుకుని తాతయ్య నిలబడ్డాడు, పెద్ద గుండిగలో గంజి కాచారు, వీధిలో పది పన్నెండు ఇళ్ళ వాళ్ళు తాగారు. తర్వాత ఒక్కొక్కరే పిడక మీద నిప్పు పట్టుకెళ్ళారు. ఆ వంద పేళ్ళూ మూడు రోజుల్లో అయిపోయాయి. ఆవిడ ఏం మాట్లాడలేదు, మా అమ్మ వంక మాత్రం ఒకసారి చూసింది. ఆ చూపు గురించి అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

చింతచెట్టు కొమ్మలు ముందు తీశారు. మాను ఆర్నెల్లు అలాగే పడుకోబెట్టారు, ఆరాలని. ఎండాకాలం వచ్చాక రంపపు కోత వాళ్ళిద్దరు వచ్చి గుండ్లుగా కోశారు. కోయడం ఒక ఎత్తు, చీల్చడం ఇంకో ఎత్తు. సరుగుడు మనం చెప్పినట్టు వింటుంది, చింత వినదు. లోపల పీచు ఒకదాంట్లో ఒకటి మెలేసుకుపోయి ఉంటుంది, గొడ్డలి దిగుతుంది, రాదు. కట్టెల తాత ఇనప మేకులు తెచ్చాడు, సమ్మెట తెచ్చాడు. మధ్యలో కొడితే లాభం లేదు, అంచుల్నుంచి చెక్కలు చెక్కలుగా ఊడదీసుకుంటూ లోపలికి పోవాలి, చేవ దగ్గరికొచ్చేసరికి రంగు మారిపోయి ముదురు కాఫీపొడిలా ఉంటుంది. ముడులున్న చోట రోజుకి ఒక గుండు కూడా అయ్యేది కాదు. తాత రెండుసార్లు గుత్త మార్చి మాట్లాడుకున్నాడు. పాపం న్యాయమే.

అన్నిట్లోకి మొదట్లో గుండు, వేళ్ళకి పైన ఉండేది, అది మాత్రం ఎవరికీ లొంగలేదు. మేకు దిగి మేకే వంగిపోయింది. చివరికి తాతయ్య "వదిలెయ్యండయ్యా, దానిమీదే మిగతావి కొట్టుకుందాం" అన్నాడు. అలా అది మా దొడ్లో కట్టెలు కొట్టే మొద్దయింది. నా నడుం ఎత్తు, ఇద్దరు పిల్లలం చేతులు చాపి పట్టుకుంటే గానీ అందేది కాదు.

ఆ చింతకట్టెలు రెండేళ్ళొచ్చాయి మాకు. వాటిని పేర్చడంలోనే నాకు నాయనమ్మ దగ్గర అసలు చదువు మొదలైంది. కొట్టడం మగవాళ్ళ పని, పేర్చడం ఆవిడ పని, అందులో ఇంకెవరూ వేలు పెట్టకూడదు. ముందు కింద రాళ్ళు వేసి, రాళ్ళ మీద తాటిదుంగలు వెయ్యాలి, నేలకి కట్టె తగిలిందంటే చెద వచ్చినట్టే. రెండు కొసల్లో ఒక వరస నిలువు ఒక వరస అడ్డం పెట్టి స్తంభంలా లేపుకురావాలి, అప్పుడు మధ్యలో ఎంత పేర్చినా జారదు. బెరడు పైకి ఉండాలి, వానజల్లు కొట్టినా బెరడు మీంచి జారిపోతుంది. మరీ బిగించకూడదు, గాలి ఆడాలి. "ఎలుక దూరాలి, పిల్లి దూరకూడదు" అనేది సందు కొలత చెప్పడానికి. అన్నిటికంటే ముఖ్యం వరస. దసరాకి, సంక్రాంతికి, పెళ్ళిచూపులకి వాడే చింతపేళ్ళు వెనకాల. రోజువారీవి ముందు. నేను ఏడెనిమిది వరసలు పేర్చాక వచ్చి కాలితో ఒక్క తోపు తోసేది. పడిందా, మళ్ళీ మొదటికి. నేను ఏడ్చేదాన్ని. ఓసారి పడలేదు, కదిలింది గానీ పడలేదు, అప్పుడేమీ అనలేదు, చీరకొంగులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చింది, కొంగుకున్న నస్యం వాసనతో సహా.

తీసేటప్పుడు కూడా పద్ధతుంది. "తట్టి తియ్యి." చేతికర్రతో మూడుసార్లు తట్టి, ఓ క్షణం ఆగి, అప్పుడు చెయ్యి పెట్టాలి. తేళ్ళు మామూలే, జెర్రులు మామూలే. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు మా తమ్ముడు ఆటలోంచి పరిగెత్తుకొచ్చి తట్టకుండా లాగబోతే నాయనమ్మ వాడి జుట్టు పట్టుకుని వెనక్కి గుంజింది, వాడు గోల. తర్వాత ఆవిడ కర్రతో పైవరస దొర్లిస్తే లోపల చుట్టచుట్టుకుని కట్లపాము. నల్లగా నిగనిగలాడుతూ తెల్ల పట్టీలతో, నిద్రపోతున్నట్టే ఉంది. ఆ రోజు నుంచీ మా ఇంట్లో తట్టడం ఎవరికీ చెప్పాల్సిన పనిలేకపోయింది. నేను ఇప్పటికీ కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె తెరిచేముందు తడతాను. మా అమ్మాయి వీడియో తీసి వాళ్ళ ఫ్రెండ్స్ అందరికీ పంపింది.

భోగి ముందు వారం దొంగల భయం. వీధిలో మగపిల్లలు రాత్రిళ్ళు దడులు, పాత తలుపులు, కట్టెలు ఎత్తుకుపోయి మంటలో వేసేవాళ్ళు, అడిగితే పండగ గదా అనేవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా నవ్వి ఊరుకునేవాళ్ళు. మా నాయనమ్మ నవ్వేది కాదు. దొంతి పక్కన నులకమంచం వేసుకుని చలిలో దుప్పటి కప్పుకుని పడుకునేది. ఒక ఏడు తెల్లారి చూస్తే మంచం చుట్టూ అన్నీ ఉన్నాయి గానీ ఆవిడ కర్ర లేదు, అది భోగిమంటలో కాలిపోయింది. దాన్ని ఎత్తుకుపోయిన ఆ పిల్లల్లో మా బాబాయి కూడా ఉన్నాడని ఆవిడకి చనిపోయేదాకా తెలీదు.

నాకు కొట్టాలని ఉండేది. ఆడపిల్లవి గొడ్డలేంటే అనేవాళ్ళు, మరి అమ్మ రోజూ పొయ్యికి పట్టని పేళ్ళు కత్తితో చీల్చుకునేది, అది ఎవరి లెక్కలోకీ రాలేదు. ఎనిమిదో క్లాసు వేసవి సెలవుల్లో, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, గొడ్డలి తీసుకుని చింతమొద్దు మీద ఒక సరుగుడు ముక్క నిలబెట్టాను. మొదటి దెబ్బ ముక్కకి తగల్లేదు, మొద్దు అంచున ఏటవాలుగా దిగింది. లాగి లాగి ఊడదీశాను. రెండో దెబ్బ ఎత్తాను, కామ నా చేతిలోనే ఉంది, గొడ్డలి లేదు. వెనక్కి ఎగిరిపోయి నీళ్ళపొయ్యి మీదున్న మట్టికాగుకి తగిలి అది రెండు ముక్కలు. కాళ్ళు వణికిపోయాయి, అక్కడ ఎవరైనా ఉండుంటే అని ఇప్పుడు తల్చుకున్నా వణుకే. రోహిణి ఎండకి కామ ఎండి వదులైపోయింది, నేను నానబెట్టలేదు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. నాయనమ్మ మటుకు లేచొచ్చి, కాగు ముక్కలు చూసి, మొద్దు మీద గాటు చూసి "కొట్టడానికొచ్చి ముక్కని వదిలేసి మొద్దుని కొట్టిందమ్మా మహాతల్లి" అంది. తర్వాత నా పెళ్ళిలో కూడా ఇదే చెప్పింది మావారికి.

మా ఇంటికి గ్యాస్ 1993లో వచ్చింది, రాసుకుని ఎన్నేళ్ళు ఎదురుచూశామో. ఊళ్ళో చాలామందికి 1999లో దీపం పథకంలో డ్వాక్రా గ్రూపుల ద్వారా వచ్చింది. నాయనమ్మ గ్యాస్ చూడలేదు, రెండేళ్ళ ముందే పోయింది. నేను సెలవులకెళ్ళినప్పుడు అమ్మతో అన్నాను, కట్టెలపొయ్యి మీద పప్పు రుచే వేరు గదమ్మా, ఆ దొంతి, ఆ వాసన అని, ఇప్పుడు మీతో చెప్పినట్టే మురిసిపోతూ చెప్పాను. అమ్మ సిలిండర్ నాబ్ తిప్పుతూ అంది, "నీకేం, నువ్వు పేర్చావు. నేను ఊదాను." నాకు నోట మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళు ఊదుగొట్టంతో ఊదింది. ముసురు పట్టిన రోజుల్లో పొద్దున్నించీ కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతూ, దగ్గుతూ ఉండేది, మేం ఏడుస్తున్నావా అనడిగితే పొగ అనేది. కొన్నిసార్లు నిజంగానే ఏడ్చి పొగ అని ఉంటుందని నాకు అప్పుడే తట్టింది. అటక మీద కట్టెల కోసం నాయనమ్మతో గొడవ కూడా అందుకే, ఎండుకట్టె అక్కడ కళ్ళముందు పెట్టుకుని పచ్చికట్టె ఊదడం. ఇద్దరిదీ న్యాయమే. నాయనమ్మ దాచకపోతే గాలివాన రోజు గంజి లేదు. దాచినందుకు అమ్మ కళ్ళు పోయాయి.

ఆ తర్వాత కూడా స్నానాలకి కట్టెలు వాడేవాళ్ళు, రాగి బాయిలర్ కొన్నారు, అందులో కొబ్బరిడిప్పలు, చిన్న పుల్లలు సరిపోయేవి. గీజర్ వచ్చాక అదీ పోయింది. తాటిదుంగలు ఎవరో అడిగి పట్టుకెళ్ళారు. తమ్ముడు దొడ్డి చదును చేయించి బాత్రూంలు కట్టించేటప్పుడు చింతమొద్దు అడ్డమైంది. కొట్టడానికి లొంగదు, తగలబెడదామంటే దానికే ఒక బండి కట్టెలు కావాలి. అప్పుడు మా ఊరి మటన్ కొట్టతను వచ్చి చూశాడంట. గోటితో గీకి, కత్తి మొనతో పొడిచి, "అన్నా, ఇది నాకిచ్చెయ్, చింతచేవ ఇప్పుడు ఎక్కడ దొరుకుద్ది" అన్నాడంట. మాంసం కొట్టడానికి చింతమొద్దే కావాలి, వేరే చెక్కైతే పొట్టు లేచి ముక్కలకి అంటుకుంటుంది. ఎనిమిది వందలకిచ్చాడు. నలుగురు ఎత్తితే ఆటో వెనక టైరు నేలకి అతుక్కుపోయిందని తమ్ముడు ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

ఒంగోలు నుంచి వచ్చేటప్పుడు ఊళ్ళో ఆగాం, ఆదివారం. మటన్‌కి నేనే వెళ్తానంటే మావారు వింతగా చూశారు. కొట్టు ముందు అయిదారుగురు ఉన్నారు. మొద్దు నా మోకాలి దాకా కూడా లేదు ఇప్పుడు, మధ్యలో పళ్ళెంలా గుంటపడింది, ఏడాదికోసారి పైన చెక్కిస్తాడంట. పసుపు, ఉప్పు రాసి రుద్ది రుద్ది నున్నగా మెరుస్తోంది. కింద నాలుగు ఇటుకలు పెట్టాడు, నేలకి తగలకుండా. నేను పక్కకి వంగి చూశాను. పైన చెక్కించినప్పుడు నా గాటు పోయే ఉంటుందనుకున్నా, గానీ వాడు తిరగేసి పెట్టుకున్నాడు, గాటు కింద ఉంది, గోడ వైపు, ఏటవాలుగా, లోపల ఇటుక దుమ్ము పట్టి.

"కాస్త ఇవతలికి నిలబడమ్మా, చీర మీద పడుద్ది" అన్నాడతను.

"ముప్పావు కిలో, ముక్కలు చిన్నవి కొట్టు" అన్నాను.